పాత స్టీరియో రిసీవర్లను ఇంట్లో వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1970, 80 దశకాల్లో తయారైన రెండు చానళ్ల స్టీరియో రిసీవర్లు మన ఇళ్లలో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. కొన్ని గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారి సామానుతో, కొన్ని అమెరికాలో ఉన్న పిల్లల పెట్టెల్లో వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అటకెక్కి దుమ్ము పట్టి ఉంటాయి. అలాంటి సెట్టును కిందికి దించి, ఇప్పటి ఫోనుతోనో టీవీతోనో కలిపి వాడుకోవాలనుకునేవారికి సాధారణంగా వచ్చే సందేహాలు, వాటికి సమాధానాలు ఇవి.

రిసీవర్‌కూ ఆంప్లిఫయర్‌కూ తేడా ఏమిటి?

రేడియో ట్యూనర్, సిగ్నల్‌ను ఎంచుకుని సవరించే ప్రీ ఆంప్లిఫయర్, స్పీకర్లను నడిపే పవర్ ఆంప్లిఫయర్ మూడూ ఒకే పెట్టెలో ఉంటే అది రిసీవర్; ట్యూనర్ లేకుండా మిగిలిన రెండే ఉంటే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్. మన దుకాణాల్లో రెండింటినీ ఆంప్లిఫయర్ అనే అంటారు కాబట్టి, కొనేటప్పుడు ముందు ప్యానెల్ మీద రేడియో డయల్ ఉందో లేదో చూసుకోవాలి. ఇప్పుడు హోమ్ థియేటర్ కోసం అమ్ముతున్న ఏవీ (ఆడియో వీడియో) రిసీవర్లు వేరే జాతి. ఈ సమాధానాల్లో రిసీవర్ అన్నచోటల్లా పాత రెండు చానళ్ల సెట్టు అనే అర్థం.

ఇంత పాత సెట్టును వాడటంలో నిజంగా అర్థం ఉందా, లేక ఇది కేవలం పాతదాని మీద మమకారమా?

రెండూ కొంత కొంత ఉన్నాయి. మమకారం సంగతి పక్కన పెడితే, ఆ కాలపు మంచి రిసీవర్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్, వేడిని బయటికి వదిలే వెడల్పాటి లోహపు హీట్ సింకులు, నిజాయతీగా లెక్కగట్టిన వాట్లు ఉంటాయి. ఈ నిజాయతీకి ఒక కారణం ఉంది. ఆంప్లిఫయర్ల అమ్మకాల్లో వాట్ల గురించి ఇష్టం వచ్చినట్లు చెప్పుకోవడం ఎక్కువైనందువల్ల, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధన తెచ్చి, రెండు చానళ్లూ ఒకేసారి పనిచేస్తుండగా ఎడతెగకుండా ఇవ్వగలిగిన పవర్‌నే, ఎన్ని ఓంల (స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు) మీద, ఎంత డిస్టార్షన్‌తో (శబ్దం వికృతం కావడం) అన్న వివరాలతో సహా ప్రకటించాలని చెప్పింది. కొలిచే ముందు సెట్టును మూడో వంతు పవర్ దగ్గర గంటసేపు నడపాలన్న షరతు కూడా ఉండటంతో, ఆ వేడిని తట్టుకునేలా హీట్ సింకులు పెద్దవి చేయక తప్పలేదు. 1978లో వచ్చిన పయనీర్ ఎస్ఎక్స్ 1980 మీద చానల్‌కు 270 వాట్లని రాసి ఉంటే, 8 ఓంల స్పీకర్ల మీద అది అన్ని వాట్లూ ఇవ్వగలదు. ఆ తర్వాత మన మార్కెట్‌ను ముంచెత్తిన, క్షణకాలపు గరిష్ఠాన్ని చూపే పి.ఎం.పి.ఓ. వాట్లకు ఈ లెక్కతో సంబంధం లేదు. అరచేతిలో పట్టే స్పీకర్ల డబ్బా మీద 1000 వాట్లని చూసి కొన్నవారందరికీ ఆ సంగతి తెలుసు.

అయితే పాతది గనుక గొప్పగా పలుకుతుందని నేను అనను. బాగా సర్వీసు చేయించిన మధ్యరకం రిసీవర్, ఇప్పటి మంచి ఆంప్లిఫయర్‌తో సమానంగా పలుకుతుంది. సర్వీసు చేయించని గొప్ప రిసీవర్ దానికంటే చాలా అధ్వానంగా పలుకుతుంది. సెట్టుకు పెట్టే ఖర్చుతో పాటు సర్వీసుకు కూడా డబ్బు కేటాయించగలిగినవారికే దీన్ని సిఫారసు చేస్తాను.

అమెరికా నుంచి తెచ్చిన సెట్టును మన ప్లగ్గులో పెట్టవచ్చా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెట్టు వెనుక ప్యానెల్ మీద, కరెంటు తీగ లోపలికి వెళ్లే చోటుకు దగ్గరలో, అది ఎన్ని వోల్టులకు తయారైందో, ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసి ఉంటుంది. గల్ఫ్ దేశాలకు, ఆసియా మార్కెట్లకు తయారైన చాలా సెట్లకు వెనకాల వోల్టేజి సెలెక్టర్ ఉంటుంది. దాన్ని 220 లేదా 240 దగ్గర పెట్టి, ఫ్యూజు విలువ కూడా ఆ వోల్టేజికి తగినదేనా అని చూసుకుంటే చాలు. అమెరికాలోనే అమ్మడానికి చేసినవాటికి సాధారణంగా ఆ సౌకర్యం ఉండదు.

120 వోల్టుల సెట్టును 230లో పెడితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా మేనమామ అమెరికాలో ఒక పాత సామాన్ల అమ్మకంలో ముచ్చటపడి కొన్న రిసీవర్‌ను ఎంతో జాగ్రత్తగా మోసుకొచ్చారు. ఇక్కడ అడాప్టర్ పెడితే రెండు చదునైన పిన్నులు మన బోర్డులో చక్కగా కూర్చున్నాయి. స్విచ్ వేసిన మరుక్షణం డయల్ లైటు తెల్లగా మెరిసి, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి మూలిగి, వార్నిష్ కాలిన వాసన హాలంతా కమ్ముకుంది. ఫ్యూజు పోయింది కాని, అది పోయేలోగా పోవలసినవి ఇంకొన్ని పోయాయి. ప్లగ్గు ఆకారాన్ని మార్చే అడాప్టర్ వోల్టేజిని మార్చదన్న చిన్న విషయం ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

దీనికి పరిష్కారం స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. సెట్టు వెనుక 250 వాట్లని రాసి ఉంటే, కనీసం 500 వి.ఎ. (వోల్ట్ ఆంపియర్ల) సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అమెరికా సెట్టుకు సరిపోతుంది. పవర్ కొద్దిగా తగ్గుతుంది, అంతే. 50 హెర్ట్జ్ వల్ల సెట్టు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అమెరికాలోకంటే కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది కనుక, ఆ తక్కువ వోల్టేజి ఒక రకంగా మంచిదే. జపాన్ సెట్టుకు మాత్రం 100 వోల్టులు ఇచ్చేదే కావాలి. 110 పెడితే లోపలి కెపాసిటర్లన్నీ పది శాతం ఎక్కువ వోల్టేజిని ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది. ప్రయాణాల్లో జుట్టు ఆరబెట్టుకునే యంత్రాల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. వాటి నుంచి వచ్చే కరెంటు తరంగం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆడియో సెట్టుకు అది పనికిరాదు.

ఏళ్ల తరబడి వాడని సెట్టును మొదటిసారి ఎలా ఆన్ చేయాలి?

స్పీకర్లు తగిలించకుండా, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకుండా, సిరీస్ బల్బు ద్వారా ఆన్ చేయాలి. ప్రతి రేడియో మెకానిక్ దగ్గరా ఉండే సిరీస్ బోర్డు ఇదే: 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును సెట్టుకు వెళ్లే ఫేజ్ తీగ మధ్యలో కలుపుతారు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. సెట్టు బాగుంటే బల్బు ఒక్కసారి తళుక్కున వెలిగి, రెండు మూడు సెకన్లలో మసకబారుతుంది. తగ్గకుండా ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్లు. వెంటనే ఆపేసి మెకానిక్‌కు చూపించాలి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడేవారు బల్బును దానికీ గోడకూ మధ్య పెట్టుకోవాలి. ఈ బోర్డు కట్టడం కరెంటు పనిలో అలవాటు లేనివారు చేయదగినది కాదు. పది నిమిషాల పనే కనుక ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవడం ఉత్తమం.

బల్బు పరీక్షలో నెగ్గాక బల్బు తీసేసి, మామూలుగా ఆన్ చేసి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజిని మల్టీమీటర్‌తో కొలవాలి. వాల్యూమ్ సున్నాలో ఉండాలి, అంతా సవ్యంగా ఉంటేనే స్పీకర్లను కలిపే రక్షణ రిలే అనే స్విచ్ టిక్కుమని కలిసి ఉండాలి. ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింతగా స్పీకర్లు కలపవచ్చు. 100 దాటితే సర్వీసు చేయించాలి. ఏకంగా వోల్టులలోనే కనిపిస్తే, ఆ చానల్‌కు తగిలించిన స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. కొలిచేటప్పుడు మీటరు ముళ్లు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. స్పీకర్ టెర్మినళ్లను షార్ట్ చేస్తే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఇంకొక మాట. ప్లగ్గు తీసేసినా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జి కొంతసేపు నిలిచే ఉంటుంది. తెలియనివారు మూత విప్పి లోపల చెయ్యి పెట్టకూడదు. ఫ్యూజు పోతే దాని బదులు రాగి తీగ చుట్టే అలవాటును కూడా ఈ సెట్ల దగ్గర మానుకోవాలి.

లైట్లన్నీ వెలుగుతున్నాయి, కాని శబ్దం రావడం లేదు. సెట్టు పాడైనట్లేనా?

కాకపోవచ్చు. ముందుగా టేప్ మానిటర్ బటన్ చూడండి. ఆ కాలంలో టేప్ రికార్డర్‌లో రికార్డు అవుతున్నదాన్ని అప్పటికప్పుడు వినడానికి ఈ బటన్ పెట్టారు. అది నొక్కి ఉంటే, సెలెక్టర్ రేడియో మీదున్నా, బయటి పరికరాల కోసం ఉన్న ఆక్స్ మీదున్నా, సెట్టు టేప్ సాకెట్ల నుంచి వచ్చేదాన్నే వినిపిస్తుంది. అక్కడ ఏమీ కలిపి లేకపోతే నిశ్శబ్దమే. నా మొదటి రిసీవర్‌ను రెండు రోజుల పాటు పాడైందనే అనుకున్నాను. మెకానిక్ వచ్చి, మూత కూడా విప్పకుండా, చూపుడు వేలితో ఆ బటన్‌ను పైకి లేపి, టీ తాగి వెళ్లిపోయారు.

తర్వాత స్పీకర్ సెలెక్టర్ చూడాలి. అది ఆఫ్ లేదా బి దగ్గర ఉండి, స్పీకర్లు ఎ టెర్మినళ్లకు ఉంటే శబ్దం రాదు. మూడోది వెనుక ప్యానెల్. కొన్ని సెట్లలో ప్రీ ఔట్, మెయిన్ ఇన్ అనే సాకెట్లను కలుపుతూ యు ఆకారంలో చిన్న లోహపు జంపర్లు ఉంటాయి. వాటిని ఎవరో తీసి పారేసి ఉంటే ప్రీ ఆంప్లిఫయర్‌కూ పవర్ ఆంప్లిఫయర్‌కూ సంబంధం తెగిపోతుంది. ఆడియో పరికరాలను కలిపే పొట్టి ఆర్‌సీఏ పిన్నుల తీగలతో వాటిని కలిపితే సరిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, ఆన్ చేసిన కొద్ది సెకన్లకు వినిపించవలసిన టిక్కు శబ్దమే రాకపోతే, రక్షణ సర్క్యూట్ స్పీకర్లను కలపడానికి నిరాకరిస్తున్నదని అర్థం. అది దాని పని అది చేస్తున్నది. రిలేను దాటవేసి నేరుగా కలిపేస్తామనే మెకానిక్‌కు సెట్టు అప్పగించవద్దు.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది, ఒక్కొక్కసారి ఒక చానల్ పోతోంది. ఏం చేయాలి?

వాల్యూమ్, బ్యాలెన్స్ కంట్రోళ్ల లోపలా, స్విచ్‌ల కాంటాక్టుల మీదా మురికి, ఆక్సైడు పేరుకోవడమే దీనికి కారణం. ఎలక్ట్రానిక్ కాంటాక్టుల కోసం తయారైన క్లీనర్‌ను సన్నని గొట్టంతో కంట్రోల్ లోపలికి కొద్దిగా కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పితే చాలావరకు పోతుంది. తలుపుల కీళ్లకు, తుప్పుకు వాడే స్ప్రేలు వద్దు. అవి లోపలి కందెనను కరిగించి, జిడ్డు మిగిల్చి, మరింత దుమ్మును పోగు చేస్తాయి. శుభ్రం చేసినా ఒక చానల్ వచ్చిపోతూ ఉంటే, అనుమానం స్పీకర్ రిలే కాంటాక్టుల మీదికి మళ్లాలి. వాల్యూమ్ పెంచితే ఆ చానల్ తిరిగి రావడం రిలే లోపానికి మంచి గుర్తు.

ఫోనును, టీవీని దీనికి ఎలా కలపాలి?

ఆక్స్, టేప్ ఇన్, ట్యూనర్ అని రాసి ఉన్న ఏ సాకెట్ అయినా ఒకటే రకం లైన్ ఇన్‌పుట్. అక్కడ ఏదైనా కలపవచ్చు. ఫోనుకు ఒక చిన్న బ్లూటూత్ రిసీవర్ చాలు. దాని ఆర్‌సీఏ తీగలను ఆక్స్‌లో పెడితే సరి. ఆక్స్ ఒకటే ఉండి అది నిండిపోతే, ఇందాక నా పరువు తీసిన టేప్ మానిటర్ ఇక్కడ అక్కరకు వస్తుంది: బ్లూటూత్ తీగలను టేప్ ఇన్‌లో పెట్టి, ఫోనులో పాటలు వినాలనుకున్నప్పుడు ఆ బటన్ నొక్కితే చాలు.

టీవీకి ఆప్టికల్ ఔట్‌పుట్ ఉంటే, డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే చిన్న డాక్ పెట్టె ఒకటి మధ్యలో కావాలి. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను కుదించని రూపమైన పీసీఎంకు మార్చడం మరచిపోకూడదు. అది డాల్బీలో ఉంటే చవక డాక్‌లు దాన్ని విప్పలేవు, శబ్దం అసలే రాదు; డాక్ పాడైందని వెనక్కి పంపేవారిలో చాలామంది ఈ సెట్టింగు చూడనివారే. టీవీకి శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ ఎఆర్‌సీ సాకెట్ మాత్రమే ఉంటే, అందులోంచి ఆడియోను వేరుచేసే పెట్టెలు దొరుకుతాయి. ఏదీ లేకపోతే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీగ లాగినా తప్పు లేదు.

కొత్త పరికరాలు 2 వోల్టుల దాకా సిగ్నల్ ఇస్తాయి. పాత రిసీవర్‌కు 150 నుంచి 200 మిల్లీవోల్టులకే పూర్తి పవర్ వచ్చేస్తుంది. అందువల్ల వాల్యూమ్ గడియారంలో తొమ్మిది దగ్గరకు వచ్చేసరికే ఇల్లు అదిరిపోతే అది లోపం కాదు. ఫోను లేదా టీవీ వైపు శబ్దం కొంత తగ్గించుకుంటే, వాల్యూమ్ నాబ్‌ను సన్నగా సవరించుకునే వీలు కలుగుతుంది.

ఫోనో సాకెట్ ఖాళీగానే ఉంది కదా, అందులో సీడీ ప్లేయర్ పెట్టకూడదా?

కూడదు. రికార్డు ప్లేయర్ ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ కొద్ది మిల్లీవోల్టులే ఉంటుంది. ఫోనో దాన్ని సుమారు వంద రెట్లు పెంచడమే కాక, రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని పెంచి, పెంచిన తారాన్ని తగ్గిస్తుంది. సీడీ ప్లేయర్‌ను అక్కడ పెడితే భయంకరంగా చిట్లిన శబ్దం వస్తుంది. అయితే రికార్డు ప్లేయర్ ఉన్నవారికి ఈ ఫోనో పెద్ద వరం; ఇప్పటి ఆంప్లిఫయర్లలో చాలావాటికి దీన్ని విడిగా కొనుక్కోవాలి. రికార్డు ప్లేయర్‌లోనే ప్రీ ఆంప్లిఫయర్ ఉంటే, దాన్ని ఆఫ్ చేసి ఫోనోలోనో, ఆన్ చేసి ఆక్స్‌లోనో పెట్టాలి. రెండూ ఒకేసారి పనిచేయకూడదు.

వెనకాల గుండ్రటి ఐదు రంధ్రాల సాకెట్లు మాత్రమే ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

అవి డిన్ సాకెట్లు. ఐరోపా సెట్లలో మామూలే. డిన్ నుంచి ఆర్‌సీఏకు మార్చే తీగ దొరుకుతుంది. ఐదు పిన్నుల్లో కొన్ని ఇన్‌పుట్‌కు, కొన్ని ఔట్‌పుట్‌కు కేటాయించి ఉంటాయి కనుక, ఇన్‌పుట్ కోసం చేసిన తీగేనా అని అడిగి కొనండి.

మన ఎఫ్ఎం స్టేషన్లు జపాన్ సెట్టులో ఎందుకు రావడం లేదు?

జపాన్‌లో అమ్మడానికి చేసిన పాత సెట్లలో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది. హైదరాబాద్ ఎఫ్ఎం రెయిన్‌బో 101.9 దగ్గర ఉంది. సెట్టు అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు. రేడియో కూడా ముఖ్యమైతే ఆ సెట్టును వదిలేయడమే మంచిది.

అమెరికా సెట్లలో ఎఫ్ఎం వస్తుంది గాని తారం కాస్త మందంగా వినిపిస్తుంది. ప్రసారంలో పెంచిన తారాన్ని సెట్టు తిరిగి తగ్గించే డీ ఎంఫసిస్ అక్కడ 75 మైక్రోసెకన్లు, మన దగ్గర 50. ట్రెబుల్ నాబ్‌ను కొద్దిగా పెంచితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. మీడియం వేవ్ దగ్గర మరో చిక్కు ఉంది. 1980ల నాటి డిజిటల్ ట్యూనర్లు అమెరికా పద్ధతిలో 10 కిలోహెర్ట్జ్ చొప్పున అంగలు వేస్తాయి, మన స్టేషన్లు 9 చొప్పున ఉంటాయి. హైదరాబాద్ ఆకాశవాణి 738లో, విజయవాడ 837లో ఉంటే, ఆ ట్యూనర్ 740 మీదా 840 మీదా ఆగుతుంది. కొన్నిటికి వెనకాల 9, 10 మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది, వెతకండి. ముల్లు జరిగే పాత డయల్ సెట్లకు ఈ బాధ లేదు. చేత్తో తిప్పి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. మీడియం వేవ్‌లో బుస ఎక్కువగా ఉంటే, దగ్గరలోని ఎల్ఈడీ బల్బులను, ఫోను చార్జర్లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఎలాంటి స్పీకర్లు కలపాలి? ఎన్ని వాట్లవి?

వాట్ల కంటే ముందు ఓంలు చూడాలి. వెనుక ప్యానెల్ మీద, ఎ లేదా బి వాడితే 4 నుంచి 16 ఓంలు, రెండూ కలిపి వాడితే 8 నుంచి 16 ఓంలు అన్న తరహాలో రాసి ఉంటుంది. 8 ఓంల స్పీకర్ల జతలు రెండింటిని ఒకేసారి నడిపితే ఆంప్లిఫయర్‌కు కనిపించేది 4 ఓంలే. 4 ఓంల జతలు రెండైతే 2 ఓంలు; అలా నడిపితే సెట్టు పొయ్యిలా కాగుతుంది. నామమాత్రంగా 6 ఓంలని రాసి, కొన్ని స్వరాల దగ్గర 3 దాకా దిగిపోయే కొత్త స్పీకర్లకు కూడా పాత సెట్లను దూరంగా ఉంచడం మంచిది.

వాట్ల విషయంలో అనవసరమైన భయం ఎక్కువ. 1 వాట్‌కు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌తో మామూలు హాలులో వినేటప్పుడు ఒకటి రెండు వాట్లకు మించి ఖర్చు కాదు. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి కాబట్టి, 30 వాట్ల సెట్టు బదులు 60 వాట్లది కొంటే దక్కే లాభం ఆ 3 డెసిబెల్సే. చిన్న సెట్టును మితిమీరి వాల్యూమ్ పెంచి, శబ్దం చిట్లిపోయేదాకా నడపడమే స్పీకర్లకు ఎక్కువ ప్రమాదం; అప్పుడు ముందుగా పోయేది తార స్వరాలు పలికే ట్వీటర్.

పాత స్పీకర్లు కూడా వాడుతుంటే, కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. పొడిగా రాలిపోతే అంచు మార్పించాలి. స్పీకర్ వైరుగా ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి తీగ నిక్షేపంగా పనిచేస్తుంది, ఖరీదైన తీగలు అక్కరలేదు. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. ఒకటి తారుమారైతే మంద్రం పలచబడి, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా ఎటో చెదిరిపోతుంది.

సబ్‌వూఫర్ కలపవచ్చా?

కలపవచ్చు. ప్రీ ఔట్ ఉంటే అక్కడి నుంచి, లేకపోతే స్పీకర్ తీగలను నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్‌వూఫర్‌కు స్పీకర్ టెర్మినళ్ల నుంచి కలపాలి. టేప్ ఔట్ నుంచి కలపవద్దు. అక్కడి సిగ్నల్ వాల్యూమ్ నాబ్‌తో పెరగదు, తగ్గదు.

లౌడ్‌నెస్ బటన్ ఎప్పుడూ నొక్కి ఉంచాలా?

శబ్దం తగ్గించి విన్నప్పుడు మన చెవికి మంద్ర స్వరాలు తగ్గినంతగా మధ్య స్వరాలు తగ్గవు. బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రిపూట ఇంట్లోవాళ్లు నిద్రపోయాక చిన్నగా వింటున్నప్పుడు ఆ లోటు తీర్చడానికే ఈ బటన్. శబ్దం పెంచి వినేటప్పుడు తీసేయాలి. మన ఇళ్లలో చాలాచోట్ల అది కొన్న రోజు నొక్కింది నొక్కినట్లే ఉంటుంది, ఆపైన బాస్ నాబ్ కూడా చివరిదాకా తిప్పి ఉంటుంది. ఆ సెట్టు అసలు గొంతు ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

గుయ్యిమనే శబ్దం ఆగకుండా వస్తోంది. ఎక్కడి నుంచి?

ఇన్‌పుట్ తీగలన్నీ పీకేసి చూడండి. అయినా గుయ్యిమంటూ ఉండి, వాల్యూమ్ తగ్గించినా తగ్గకపోతే, లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. తీగలు పీకగానే ఆగిపోతే, వాటిని ఒక్కొక్కటే తిరిగి పెడుతూ ఏది పెట్టినప్పుడు మొదలైందో గమనించాలి. ఎక్కువసార్లు దోషం కేబుల్ టీవీ తీగది. అది వేరేచోట ఎర్త్ అయి ఉండటంతో, టీవీ ద్వారా రిసీవర్‌లోకి గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. టీవీని ఆప్టికల్ తీగతో కలిపితే ఆ బెడద పూర్తిగా పోతుంది, ఎందుకంటే అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. రికార్డు ప్లేయర్ అయితే దాని సన్నని గ్రౌండ్ తీగను వెనుక ప్యానెల్ మీది గ్రౌండ్ స్క్రూకు బిగించాలి. శబ్దం ఆపడానికి ఏ పరికరానికైనా ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం ప్రాణాలతో చెలగాటం.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే గుయ్యిమంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. దాని మీద సెట్టు నడపకండి. కరెంటు వచ్చేదాకా ఆగితే ట్రాన్స్‌ఫార్మర్‌కు మేలు.

సెట్టును ఎక్కడ పెట్టాలి?

పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి. పైమూత చిల్లుల గుండానే వేడి బయటికి పోతుంది. రేడియో మీద కుట్టుపని గుడ్డ కప్పి, దాని మీద బొమ్మలు పేర్చే మన అలవాటు ఇక్కడ చెల్లదు; కప్పాలంటే వాడనప్పుడు, చల్లారాక మాత్రమే. అదే చిల్లుల గుండా రాత్రుళ్లు వెచ్చదనం కోసం బల్లులు, బొద్దింకలు లోపలికి చేరుతాయి. పవర్ బోర్డు మీద రెండు టెర్మినళ్ల మధ్య అడ్డంగా ఎండిపోయిన బల్లిని మెకానిక్ శ్రావణంతో తీసి చూపించినప్పుడు, ఫ్యూజు ఎందుకు పోయిందో మళ్లీ అడగవలసిన అవసరం రాలేదు. నెలల తరబడి వాడకపోతే గుడ్డలో చుట్టి ఉంచండి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలికి సాకెట్లు, స్విచ్‌లు త్వరగా నల్లబడతాయి. అక్కడివారు వారానికోసారైనా ఆన్ చేసి, నాబులన్నీ ఒకసారి తిప్పడం మంచిది.

లోపలి కెపాసిటర్లన్నీ మార్చేయమంటున్నారు. అవసరమా?

నలభై, యాభై ఏళ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోవడం సహజం. కాని అన్నీ ఒకేసారి మారుస్తామనేవారిని చూసి నాకు కాస్త భయం. వందకు పైగా టంకాలు విప్పి వేసే పనిలో, పాత బోర్డు రాగి పొర లేచిపోవడం, ఒకటి రెండు కెపాసిటర్లు ధ్రువాలు తారుమారై కూర్చోవడం మామూలే. పవర్ సప్లైలో ఉన్నవాటిని, సిగ్నల్ దారిలో కొలతకు నిలవనివాటిని మార్పించి, ఆ తర్వాత సర్వీసు మాన్యువల్ ప్రకారం బయాస్ (ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ పారే కొద్దిపాటి కరెంటు), డీసీ ఆఫ్‌సెట్ (ముందు స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిచిన డీసీ) సరిచేయించడం తెలివైన పని. బయాస్ సరిచేశారా అని అడగండి; ఎన్ని మిల్లీవోల్టుల దగ్గర పెట్టారో చెప్పగలిగినవారే పని తెలిసినవారు.

1980ల నాటి కొన్ని చవక సెట్లలో విడివిడి ట్రాన్సిస్టర్లకు బదులు పవర్ ఆంప్లిఫయర్ అంతా ఒకే ముక్కలో ఉండే శాన్యో వారి ఎస్‌టీకే మాడ్యూళ్లు ఉంటాయి. ఇప్పుడు దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ. సెట్టు అపురూపమైనదైతే తప్ప, ఎస్‌టీకే పోయినదాన్ని కొనకుండా ఉండటం మేలు. విడిభాగాలకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఇప్పటికీ దిక్కు.

కొనడానికి వెళ్లేటప్పుడు ఏమి తీసుకువెళ్లాలి?

ఒక హెడ్‌ఫోను, పావు అంగుళం పిన్ను అడాప్టర్, ఫోను నుంచి ఆర్‌సీఏకు వెళ్లే తీగ, వీలైతే ఒక మల్టీమీటర్. ముందు ముక్కుతో చూడండి: కాలిన వాసన ఉంటే వెనుదిరగవచ్చు. వెనుక ప్యానెల్ మీద వోల్టేజి చదవండి. రెండు చానళ్లూ సమానంగా వస్తున్నాయా, ప్రతి నాబు, ప్రతి బటన్ కదులుతున్నాయా చూడండి. డయల్ బల్బులు పోతే దిగులు లేదు, చవకగా మార్చవచ్చు. నాబులు పోతే మాత్రం అసలైనవి దొరకడం కష్టం. అరగంట సేపు నడిపించి, హీట్ సింక్ రెండు వైపులా చెయ్యి పెట్టి చూడండి. ఒక వైపు బాగా కాగుతూ ఇంకో వైపు చల్లగా ఉంటే ఒక చానల్ బయాస్ తప్పినట్లే.

అమెరికా నుంచి విమానంలో తెచ్చుకోవచ్చా?

మధ్యరకం సెట్లు 10 నుంచి 18 కిలోల మధ్య ఉంటాయి కనుక, 23 కిలోల పెట్టె పరిమితిలో పడతాయి. ముందే చెప్పిన ఎస్ఎక్స్ 1980 ఒక్కటే 35 కిలోలు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక పక్కకే ఉండటంతో బరువంతా అటే మొగ్గుతుంది. పెట్టె జారిపడితే ముందుగా వంగేవి ఆ మూల షాసీ, ముందుకు పొడుచుకొచ్చిన నాబులు. నాబులను మెల్లగా లాగి తీసి వేరే సంచిలో పెట్టుకోవాలి, ముందు ప్యానెల్‌కు మందమైన ఫోమ్ ఆనించాలి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పక్కను పెట్టె చక్రాల వైపుకు ఉంచి సర్దాలి. ఇంటికి చేరాక ప్లగ్గు దగ్గరికి వెళ్లే ముందు, ఆ సెట్టు వెనుక రాసి ఉన్న వోల్టేజిని ఇంకొకసారి చదవండి.